రెండో దినం కొసరు

ఆఫరంటే నేను చెవి కోసుకుంటాను. ఈ బ్లాగు చదివేవాళ్లకు ఆ సంగతి కొత్త కాదు. కూపన్ల కింద చిన్న అక్షరాల్లో ఉండే షరతులను కాఫీ తాగుతూ పేపరు చదివినట్టు చదివే మనిషిని. పోయిన నెల ఒక బుకింగ్ యాప్‌లో, కృష్ణగిరి జిల్లా వేప్పనపల్లి దగ్గర మామిడితోటలో మూడు గదుల బస కనబడింది. రెండు రోజులకు బుక్ చేసుకుంటే రెండో రోజు ఉచితమట. షరతులు రాయాల్సిన చోట ఏమీ లేదు. రెండు రోజులకూ బుక్ చేసి, మర్నాడు మొదటి రోజును మాత్రం రద్దు చేశాను. కట్టిన డబ్బంతా వెనక్కి వచ్చింది, ఉచితపు రోజు నా పేరునే నిలిచింది. నా తెలివికి నేనే మురిసిపోయి, ఈ కిటుకును మీకు మెట్టుమెట్టుగా చెప్పే టపా కూడా ముందే రాసి ఫోన్‌లో పెట్టుకున్నాను. తోట ఫొటోలు చేర్చి ఆ సాయంత్రమే పెట్టేద్దామని, జూన్ మొదటి వారంలో గురువారం బయలుదేరాను.

బెంగళూరులో ఆరున్నరకు బస్సెక్కితే ఎనిమిదింపావుకల్లా హోసూరులో దిగాను. బస్టాండు ఎదురుగా రెండు ఇడ్లీలు, ఒక వడ తిని కృష్ణగిరి బస్సు పట్టుకున్నాను. గంటంపావు ప్రయాణం, టికెట్ అరవై రూపాయల లోపే. శూలగిరి కొండలు చూడాలంటే కిటికీ పక్కన కూర్చోండి. నాకు ఆ సీటు దొరకలేదు. ఆ సీటులో కృష్ణగిరి కోర్టుకు వెళ్తున్న ఒక వకీలమ్మ, ఒళ్లో నల్లకోటు మడత పెట్టుకొని కూర్చుంది. మాటల్లో నా ఘనకార్యం చెప్పి, ఇది చట్టానికి విరుద్ధమా అని అడిగాను. మెచ్చుకుంటుందనే ఆశ లేకపోలేదు.

“మీ పేరు, మీ నంబరే పెట్టినారు. ఆడ నొక్కమన్నది నొక్కినారు. ఇది దొంగతనం కాదమ్మా,” అంది. “లేని మనుషుల పేర్లు పెట్టి పదిసార్లు తీసుకొనుంటే అది మోసం కిందికి వస్తాది.”

అంతటితో వదల్లేదు. కాగితాలు చూడకుండా బస్సులో చెప్తున్న మాట ఇది అని ముందే హెచ్చరించి, ఇలాంటి తగాదాల్లో ఎవరు ఎంత తెలివిగా నొక్కారన్నది కాదు, రాసిన మాటకు ఇద్దరూ ఏమి అర్థం చేసుకున్నారన్నది చూస్తారని వివరించింది. ఆఫర్ అని ఊరించి తరువాత ఇవ్వబోమనే వ్యాపారులను కూడా తను కోర్టుకు లాగిందట. చివరికి, తోటవాళ్లు రాసిన మాట సరిగ్గా ఏమిటని నన్నడిగింది. ఉచితమన్నది యాప్ వాళ్ల ఇంగ్లీషు. కింద తెలుగులో ఒక వాక్యం ఉన్నట్టు గుర్తుందిగానీ నేను దాన్ని చదవనేలేదు. షరతులు చదవడంలో ఇంత పేరున్నదాన్ని, ఆ సంగతి ఒప్పుకుని కృష్ణగిరిలో దిగాను.

కృష్ణగిరి నుంచి వేప్పనపల్లికి టౌను బస్సు ముప్పావుగంట. ఆడవాళ్లకు టికెట్ లేదు, దానికి ఏ కూపనూ అక్కర్లేదు. అక్కడి నుంచి తోటకు మూడు కిలోమీటర్లు, ఆటోకు ఎనభై రూపాయలు. యాప్‌లో ఉన్న యజమానురాలి పేరు చూసి మునిరత్నమ్మ తోటకు అనగానే ఆటో ఆయన, “ఖాళీ సంచి తెచ్చినావా అమ్మా?” అని అడిగాడు. ఎందుకో తెలియక లేదన్నాను. అయ్యో అన్నట్టు నా వైపు చూసి బండి తీశాడు.

గేటు పక్కన రేకు మీద, యాప్‌లో నేను చదవని ఆ వాక్యం తెలుగు, తమిళం, కన్నడం మూడింటిలోనూ ఉంది: “ఒక దినం ఉండండి, రెండో దినం కొసరు.” లోపల మునిరత్నమ్మ, అరవై దాటిన మనిషి, పక్క ఊరాయనకు బేనిషా మామిడికాయలు తూస్తోంది. తూకం తేలాక రెండు కాయలు పైన వేసింది. కొనేవాడు కదలకుండా సంచి నోరు తెరిచి పట్టుకొని నవ్వాడు. ఆమె కసురుకుంటూనే ఇంకొకటి వేసింది. కుప్ప ఆయన చేతికి అందేంత దగ్గరలోనే ఉంది. ఆయన దాని వైపు చూడనైనా లేదు.

పన్నెండున్నరకు రాగిసంగటి, ఊరిబిండి అనే వేరుశనగ పచ్చడి, మామిడికాయ పప్పు పెట్టింది. ఆ పప్పు కోసమైనా మీరు అక్కడికి వెళ్లాలి. వడ్డిస్తూ, ఏ కోపమూ లేకుండా అడిగింది.

“ఏమమ్మా, తూకం లేకుండా కొసరు ఒకటే తీసుకొనేవాళ్లు మీ ఊర్లో ఉండారా?”

మొదటి రోజు రద్దయినప్పుడే ఆమెకు తెలిసిపోయిందట. నా బుకింగు తీసేసే వీలు కూడా యాప్‌లో ఉందట. షరతులు ఎందుకు రాయలేదంటే ఆశ్చర్యపోయింది. “కొసరు అని రాసినాను కదమ్మా. దానికి ఇంకేం రాయాల? తమిళమోళ్లకు తెలుసు, కన్నడమోళ్లకు తెలుసు.”

నాకు సిగ్గేసింది. దాచుకోలేక ఫోన్ తీసి నా టపా చదివి వినిపించాను. ఈ ఏడు కాపు సగమే. కూలీలకు, నీళ్ల మోటారుకు ఈ మూడు గదులే ఆధారమని ఆమె అప్పటికే చెప్పి ఉంది. నా టపా చూసి వారానికి పదిమంది దిగితే ఆ సీజను గోవిందా. ఆమె మాత్రం రెండో మెట్టు దగ్గర నన్ను ఆపి, మళ్లీ చదివించుకొని, భలే కనిపెట్టినావే అని మనసారా నవ్వింది.

“పెట్టేది, మానేది నీ ఇష్టం,” అంది తరువాత. “రాసిన మాట నాది. సీజను అయ్యేవరకు ఎవరొచ్చినా రూము ఇస్తాను.”

ఆమె ఎదుటే టపా చెరిపేశాను. పశ్చాత్తాపం పొంగి, ఎవరూ దూరలేని పదకొండు షరతులు అక్కడే కూర్చొని రాశాను. చదివితే సగం దాకా విని, ఇంత రాస్తే అది కొసరు కాదు, క్రయపత్రం అవుతుందని అన్నీ కొట్టేయించింది. చివరికి “మొదటి దినం ఉన్నవాళ్లకు” అన్న మూడు మాటలు మాత్రం చేర్చనిచ్చింది. యాప్‌లో అవి ఇప్పుడున్నాయి, కాబట్టే ఈ కథ మీకు చెప్పగలుగుతున్నాను.

మర్నాడు పొద్దున ఆమె ముందు రెండు రోజుల డబ్బు పెట్టాను. ఒక రోజుది తీసుకొని మిగతాది నా చేతిలోనే పెట్టింది. డబ్బు కట్టినావు కాబట్టి ఈ దినం కొసరు, యాడికి పోతావు అంది. ఆఫీసుకు ఫోన్ చేసి సెలవు పెట్టాను.

కోర్టుకెక్కితే నేను గెలిచేదాన్నేమో, ఇప్పటికీ తెలియదు. ఇన్నేళ్లుగా షరతులు చదువుతున్నానుగానీ, అవి లేకుండానే మాట నిలబెట్టుకునే మనిషిని ఆ తోటలోనే చూశాను. నా చేతిలో నష్టపోవడానికి కూడా సిద్ధపడిందే, అది తలుచుకుంటే ఆమె మీద గౌరవం, నా మీద చిరాకు రెండూ కలుగుతాయి. వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. ఖాళీ సంచి మరిచిపోకండి. తూకం అయ్యాక దాని నోరు కాసేపు తెరిచి పట్టుకోండి, చేయి మాత్రం కుప్ప మీద వేయకండి.