మా అత్తయ్య పూతరేకులకు నేను పెట్టిన పరీక్ష

మొన్న ఆదివారం ఆత్రేయపురంలో నేను చేసిన ఘనకార్యం చెప్తాను, టీ చల్లారినా ఫర్వాలేదు, వినండి. రాజమండ్రి కాలేజీలో పద్దెనిమిదేళ్ళుగా స్టాటిస్టిక్స్ చెబుతున్నవాణ్ణి కదా, ఆ పరువంతా ఒక్క పూటలో పోగొట్టుకున్నాను!

మా మేనత్త మంగాయమ్మ నలభై ఏళ్ళుగా పూతరేకులు చేస్తోంది. ఎండు కొబ్బరి మట్టల మంట మీద కుండ బోర్లించి రేకులు తీయడం. ఆ పొగకి కళ్ళు దెబ్బతిన్నాయి. ఇంక పొగ దగ్గర కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. గ్యాస్ పొయ్యి కొన్నాం కానీ అత్తయ్యకి భయం.

"రుచి మారితే నా చేతి పేరు పోతుందిరా శేషూ. పేరు పోయాక ఈ కళ్ళతో ఏం చూడను?" అంది.

"పెయిర్డ్ టెస్ట్ చేసేద్దాం అత్తయ్యా! పన్నెండు మందిని పిలుద్దాం. ప్రతి ఒక్కరూ రెండు రకాలూ తిని, రెంటికీ పదికి మార్కులు వేయాలి. ఒకరికి తీపి ఇష్టం, ఒకరికి నెయ్యి ఇష్టం. అందుకని ఎవరి మార్కుల తేడా వాళ్ళకే తీసి, ఆ తేడాల సగటు చూస్తాం. ముందు రుచిలో తేడా లేదనే అనుకుంటాం. లెక్క ఒప్పుకోకపోతేనే ఉందంటాం."

"కోర్టు కేసులా ఉందిరా," అంది అత్తయ్య. అయినా పొద్దున్నే లేచి రెండు పొయ్యిల మీదా చేసింది. రెండు బుట్టలు, ఒక్కోదాన్లో పాతికేసి. వాటిని రెండు పళ్ళాల్లో సర్దడం ఒక్కటే నా పని.

అరుగు మీద కూర్చున్నాను. వంటింట్లో అత్తయ్య ఇంకో వాయి తీస్తోంది. కుండ మీంచి రేకు లేస్తుంటే కిటికీ వెలుగు దాన్లోంచి కనిపిస్తోంది. కాలవ గాలి చల్లగా తగులుతోంది. అలా చూస్తూ చూస్తూ నేను ఢిల్లీ సెమినార్‌కి వెళ్ళిపోయాను. స్టేజీ మీద నేను! ముందు వరసలో పట్టుచీరలో అత్తయ్య! చేతులు వాటి మానాన సర్దుతూనే ఉన్నాయి. చప్పట్లు ఆగేసరికి పళ్ళాలు నిండిపోయాయి. 'కట్టెల పొయ్యి', 'గ్యాస్ పొయ్యి' అని పెద్ద అక్షరాలతో చీటీలు కూడా అంటించాను.

వీధిలో వాళ్ళంతా వచ్చారు. పక్కింటి వెంకట్రాజు గారు కట్టెల పొయ్యిది నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

"ఆ పొగ వాసన ఉంది చూశారూ, అదండీ అసలు రుచి! గ్యాసుది కాస్త పేలవంగా ఉంది, ఏమనుకోకండి."

మిగతా అందరిదీ దాదాపు అదే మాట. లెక్క కట్టాను. తేడా ఉంది, అదీ గట్టి తేడా!

అత్తయ్య మూల పేర్చిన మట్టల వంక కాసేపు చూసింది. "పోన్లే నాన్నా, ఇన్నాళ్ళూ పడ్డాను, ఇంకొన్నాళ్ళు పడతాను," అని బుట్టలు లోపల పెట్టడానికి లేచింది. నాకు నా లెక్క మీద అసహ్యం వేసింది.

అంతలో లోపల్నుంచి కేక. "ఒరేయ్! కట్టెల పొయ్యి బుట్ట ఎవరూ ముట్టుకోలేదేంట్రా?"

పరిగెత్తాను. పాతిక్కి పాతికా అలాగే ఉన్నాయి. రెండు పళ్ళాలూ గ్యాస్ బుట్టలోంచే నింపేశాను!

"మరి వెంకట్రాజు గారికి తగిలిన పొగ వాసన?"

"నేనంటించిన చీటీలోంచి వచ్చింది అత్తయ్యా." ఏ పళ్ళెం ఏదో తినేవాళ్ళకి తెలియకూడదన్న సంగతి మర్చిపోయిన పిల్లలకి నేనే మార్కులు కోస్తాను.

అత్తయ్య పడీ పడీ నవ్వింది. తర్వాత గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని, "ఇప్పుడు నాకు పెట్టు, రెండు రకాలూ," అంది. రెండు చేతుల్లోకీ చెరో రకం తీసుకుని ఒకటి పెట్టాను. నెమ్మదిగా నమిలింది. ఇంకొకటి పెట్టాను. ముఖం మీద ఎండ పడుతోంది, పెదవి చివర పంచదార పలుకు అంటుకుని ఉంది. చిన్నప్పుడు నాకు ఇలాగే తినిపించేది కదా అనుకుంటూ చూస్తూ ఉండిపోయాను.

"రెండూ నా చేతివేరా. ఏది ఏదో నాకే తెలీలేదు. ఇంక ఆ పొగ నాకెందుకు? రేపట్నుంచి గ్యాసే!" అని కళ్ళు తెరిచింది. "ఇంతకీ మొదట పెట్టింది దేనిదిరా?"

నేను ఎడం చెయ్యి చూసుకున్నాను. కుడి చెయ్యి చూసుకున్నాను.

"అత్తయ్యా... ఇంకొక్కసారి కళ్ళు మూసుకుంటావా?"