చిట్టి వాళ్ళ చర్చికి నేను తీసుకెళ్ళిన పుంజు

చిట్టీ, నా బిడ్డా, నువ్వు పోయి ఏడాది నిండింది. జ్వరమని ధర్మవరం నుంచి నువ్వు ఫోన్ చేసినప్పుడు, శనక్కాయ పీకడం అయ్యాక వస్తానన్నాను. రెండు రోజులకు వచ్చాను. అప్పటికే నీకు మాట లేదు. నా తప్పుకు దేవుడు నిన్ను తీసుకున్నాడనుకుని అప్పటినుంచి ఒంటిపూటే, అదీ రాత్రికే తింటున్నాను. తప్పు చేస్తే కోడిని కోసి దేవుడికి రక్తం చూపించడం మన ఇంటి వాడుక. పెళ్ళయ్యాక నువ్వు ఏసును నమ్ముకున్నావు కదా, అందుకే పుంజును ధర్మవరంలోని నీ చర్చికే తీసుకెళ్దామని బయలుదేరాను.

పొద్దున ఏడింటికి హిందూపురం బస్టాండులో పెనుకొండ బస్సెక్కాను. దారి గంట పైచిలుకు. ఆడవాళ్ళకు ఆధార్ కార్డు చూపిస్తే చాలు, టికెట్ డబ్బులుండవు. కండక్టర్ నా ఒడిలోని సంచి చూశాడు.

“నీకు ఫ్రీనే అక్కా. అది పుంజు కదా, మగోళ్ళకు టికెట్ ఉండాది.”

“దానికి ఆధార్ తీయించలేదప్పా,” అన్నాను.

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఏడాదిలో అదే మొదలు. వెంటనే సిగ్గేసింది.

పెనుకొండలో దిగి, కోట ఉన్న కొండను చూస్తూ పది రూపాయల టీ తాగాను. ధర్మవరం బస్సుకు అరగంట కాచుకున్నాను. అది ఇంకో గంటంపావు. దిగేసరికి పది దాటింది. ఆటోకు ముప్పై రూపాయలిచ్చి, మగ్గాల చప్పుడు వినిపించే వీధుల్లోంచి చర్చికి చేరాను. పాస్టరయ్య, ఆయన భార్య వాకిట్లోనే ఉన్నారు. చిట్టి అమ్మనని చెప్పి, పుంజును మెట్టు మీద పెట్టాను.

“కోసేదానికి కత్తి యాడుండాదయ్యా?”

ఆయన నవ్వలేదు. ఎందుకని అడిగాడు. ఫోన్ సంగతి, రెండు రోజుల సంగతి, ఒంటిపూట సంగతి అన్నీ చెప్పాను.

“ఈడ కోసేది లేదమ్మా,” అన్నాడు. “మా నమ్మకంలో రక్తం ఒక్కసారే చిందింది. అందరి తప్పులకూ ఏసయ్యే బలైనాడు. ఇంక కోడీ వద్దు, గొర్రెపిల్లా వద్దు.”

“మరి నాకు పడిన తీర్పు? బిడ్డను తీసుకున్నాడు కదా.”

“నీ తప్పుకు నీ బిడ్డను తీసుకునే దేవుడు కాదమ్మా. ఆ తప్పుకు తన బిడ్డనే ఇచ్చినోడు.”

ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది. “ఆయన మోసింది చాల్లేదని నువ్వు మళ్ళా మోస్తాండావా? చిట్టి ప్రతి ఆదివారం నీ కోసం ప్రార్థన చేయించేది, ‘మా అమ్మ పన్లో పడితే తినదు’ అని. రా, రాగి సంగటి వేడిగా ఉండాది.”

ఏడాది తర్వాత మొదటిసారి మధ్యాహ్నం పూట ముద్ద తిన్నాను చిట్టీ. ఏడుస్తూనే తిన్నాను.

నేను ఏసును నమ్ముకున్నానా అంటే ఇంకా చెప్పలేను. ఆ రెండు రోజులు ఆలస్యం చేసింది నేనే, అది ఎక్కడికీ పోదు. కానీ నా తప్పుకు నిన్ను బలిచ్చుకున్నానన్న బరువును ఆ మెట్టు మీద కొంచెం దించాను. పుంజు ప్రాణంతోనే నాతో తిరిగొచ్చింది.

ఇది చదివి ఈ దారిన వెళ్ళేవాళ్ళకు ఒక మాట: పొద్దున్నే బస్సు పట్టుకోండి, ఎండ ముదరకముందే చేరతారు. ఖాళీ కడుపుతో మాత్రం ఎక్కవద్దు. కడుపునిండా తినండి.