తల్లి మానసిక స్థితి: బాగుంది

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు నన్ను పాతబస్తీలోని ఒక ప్రభుత్వ పిల్లల కేంద్రానికి సీనియర్ ఫిజియోథెరపిస్టుగా బదిలీ చేశారు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల బిగుసుకున్న కండరాలను సాగదీయడం మా పని. వారానికి ఒకరోజు మేం, మిగతా ఆరు రోజులూ తల్లి. అందుకని ఇంటికి ఒక షీటు ఇచ్చేవాళ్లం. పూటపూటా వ్యాయామం చేయించి తల్లి టిక్కు పెట్టాలి. అడుగున 'తల్లి మానసిక స్థితి: అడిగి నింపవలెను' అని థెరపిస్టు కోసం ఒక గడి ఉండేది. నేను టైమంటే పట్టింపున్నవాణ్ని కనుక, ఉదయం టీ తాగుతూనే అందరికీ 'బాగుంది' అని రాసేసేవాణ్ని. అంత కులాసాగా ఉన్న తల్లులు ఈ నగరంలో మరెక్కడా ఉండి ఉండరు.

ఛత్రినాక నుంచి మూడేళ్ల చింటూని ఎత్తుకొచ్చే స్వప్న షీటులో ఒక్క టిక్కూ తప్పేది కాదు. ఆ షీటును మిగతా తల్లులకు ఆదర్శంగా చూపించేవాణ్ని. ఒకరోజు చాంద్రాయణగుట్ట నుంచి వచ్చే షహనాజ్‌కు చూపిస్తే ఆమె నవ్వు ఆపుకుంది. అప్పుడు గమనించాను, ఇద్దరి షీట్లలోనూ ఒకే ఆకుపచ్చ సిరా. బయట బెంచీ మీద ఒక్క పెన్నే చేతులు మారుతోంది. వారం వ్యాయామం ఐదు నిమిషాల్లో అయిపోతోంది.

స్వప్నను పిలిచి, పిల్లవాడి కాళ్లు బిగుసుకుపోతే బాధ్యత ఎవరిదని అందరి ముందూ కడిగేశాను. సర్వీసంతా నేను క్రమం తప్పకుండా చేసిన వ్యాయామం అదే.

ఆమె తల దించుకోలేదు. "నెల సంది చేపిస్తలేను సార్. కాళ్లు పట్టంగనే ఏడుస్తడు. ఇప్పుడు నేను దగ్గరికి పోతేనే మొఖం తిప్పుకుంటుండు. వాళ్ల నాయనమ్మ ఎత్తుకుంటే ఊకుంటడు. నడవకున్నా మంచిదే, నన్ను అమ్మ అనుకుంటే చాలు" అంది.

"వచ్చినప్పుడల్లా బెంచీ మీద ఏడుస్తది సార్. మీరు ఎన్నడన్న అడిగిన్రా?" అంది షహనాజ్.

నా చేతిలోని షీటులో మాత్రం ఆమె బాగుంది, నా దస్తూరీలోనే. సిగ్గేసింది.

మర్నాటి నుంచి నొప్పి పుట్టే వ్యాయామాలు నేనే తీసుకున్నాను, వారానికి మూడుసార్లు, కేంద్రంలోనే. ఇంట్లో స్వప్న పని చింటూతో ఆడుకోవడం. ఆటలో వాడి కాళ్లు ఎలా పెట్టాలో మాత్రం చూపించాను.

రెండు నెలలకు చింటూ నన్ను చూడగానే కెవ్వుమని తల్లి మెడ కరుచుకోవడం మొదలుపెట్టాడు. కేసు షీటులో 'ప్రగతి' అని రాశాను. అడుగున ఉన్న ఆ గడిని తల్లిని అడిగాకే నింపాలని అక్కడ నేర్చుకున్నాను. ఆ మాట అచ్చులో ముందునుంచీ ఉంది. చదవడానికి నాకు దాదాపు సర్వీసంతా పట్టింది.