అక్కతో చూసిన రెండో భాగం

నడిచే శవాల సినిమా మొదటి భాగం చోడవరంలో ఆడినప్పుడు నన్ను దానికి లాక్కెళ్ళింది మా అక్కే. పెళ్ళి మాట ఎత్తితే విసుక్కుంటూ, రోజూ బస్సెక్కి వడ్డాది వెళ్ళి స్కూల్లో లెక్కలు చెప్పుకునే మనిషి. అలాంటి మనిషికి జాంబీల పిచ్చి ఎలా అంటుకుందో నాకిప్పటికీ తెలీదు. హాల్లో నా చెవి దగ్గర చేరి పాఠం చెప్పినట్టు చెప్పింది. "ఇది దెయ్యం కాదురా. దెయ్యానికి మనం గుర్తుంటాం. దీనికి గుర్తుండం. అదీ బయ్యం."

ఆ సినిమాలో శవం ఒక్కటే. అది చెరుకు తోటలో తిరుగుతుంటుంది. ఆకుల గరగర తప్ప ఇంకేమీ వినపడనివ్వకుండా, దాన్ని సరిగ్గా చూపించకుండానే మా ప్రాణాలు తోడేశాడు దర్శకుడు. ఆ తర్వాత వారం రోజులు చెరుకు తోటల పక్కన నేను బండి నెమ్మదిగా నడిపితే ఒట్టు.

రెండో భాగం వచ్చేలోపు అక్కకి మెదడువాపు జ్వరం వచ్చింది. విశాఖపట్నంలో ఆస్పత్రిలో పెట్టాం. తొమ్మిదో రోజున అక్క ఉన్న గది వైపు నుంచి, నిండా దుప్పటి కప్పిన మనిషిని తోసుకెళ్ళడం మా మావయ్య చూశాడు. ఎవర్నీ అడగలేదు. అక్కడే గోడకి చేరబడి ఇంటికి ఫోన్ చేసేశాడు. "మనకి దక్కలేదే" అన్నాడు అమ్మతో.

చావు కబురు వింటే ముందు స్నానమే కదా. పొయ్యి ఆర్పేసి, పెరట్లో కట్టుబట్టలతో తల మీంచి నీళ్ళు గుమ్మరించుకున్నాం, అమ్మా, నేనూ, అప్పటికి పోగైన చుట్టాలూ. రెండు గంటల తర్వాత మావయ్యే మళ్ళీ చేశాడు. పోయింది పక్క గదిలో ఎవరో ముసలావిడట. ఆయుష్షు పెరిగిందన్నారు అందరూ. అమ్మ మాత్రం ఆ స్నానాల సంగతి అక్క దగ్గర ఎత్తొద్దని నా చేత ఒట్టేయించుకుంది.

అక్క ఇంటికొచ్చింది. మెల్లిగా స్కూలుకీ వెళ్ళడం మొదలెట్టింది. ఎడమ కాలు కొంచెం ఈడుస్తుంది. పిలిస్తే వెంటనే పలకదు. నిదానంగా తల తిప్పి, నేనెవరో వెతుక్కుంటున్నట్టు చూసి, అప్పుడు "ఏట్రా" అంటుంది. ఇవన్నీ సర్దుకుంటాయని డాక్టరు చెప్పాడు. ఆ మాట నేనూ విన్నాను. విన్నా సరే, నాకు మా అక్కంటే భయమేసేది. వెనక నుంచి వచ్చి కంచంలో పప్పు వేస్తే ఒళ్ళు జలదరించేది. ఏడ్చి, నీళ్ళు పోసుకుని, మనసులో సాగనంపేసినవాణ్ణి. మరి ఈ వడ్డిస్తున్నది ఎవరు? సొంత అక్క గురించి ఇలా ఆలోచించాను, సిగ్గులేనివాణ్ణి.

రెండో భాగం మ్యాట్నీకి తనే పదమంది. హాల్లో పాతికమంది ఉంటారేమో. ఈసారి వందల కొద్దీ శవాలు, అన్నీ పరుగులే. రోగం ఎక్కడ పుట్టిందో తెల్లకోటాయన ఒకడు పావుగంట ఉపన్యాసం దంచాడు. నడుమ ఒక పాట కూడా పెట్టారు. ముందు వరసలో కుర్రాళ్ళు పగలబడి నవ్వుతున్నారు. అక్క మాత్రం నా చెవిలో ఒక్క ముక్క చెప్పలేదు. రెప్ప వేయకుండా చూస్తోంది. తెర వెలుగు పడి మొహం నీలంగా ఉంది.

ఒక్కచోట మాత్రం ఆ సినిమా కాస్త తెలివి తెచ్చుకుంది. చచ్చిన ఇల్లాలు తన ఇంటి ముందుకొచ్చి నిలబడుతుంది. లోపలివాళ్ళు ఒక్కో కిటికీ మూసేసుకుంటారు. ఆవిడ తలుపు కొట్టదు, అరవదు, ఊరికే నిలబడి ఉంటుంది. కుర్రాళ్ళ నవ్వు ఆగిపోయింది.

అక్క తెర మీంచి చూపు తిప్పకుండానే అడిగింది. "నువ్వూ పోసుకున్నావేటి నీళ్ళు?"

"ఎవులు సెప్పేరు?" అన్నాను.

"స్కూల్లో గుంటలు. మీరు సచ్చిపోయేరని మాకు మద్దేన్నం సెలవిచ్చేరు టీచర్, అన్నారు. మిగతాది అమ్మ మొహం సూస్తే తెలిసిపోనాది."

అబద్ధం నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. "పోసుకున్నాను" అన్నాను.

"తల మీంచా?"

"ఆఁ."

తెర మీద తుపాకులు మొదలయ్యాయి, కుర్రాళ్ళు ఈలలు వేస్తున్నారు.

"నేనొచ్చి రెండు నెల్లయిపోనాదిరా," అంది అక్క. "నువ్వింకా ఆ నీళ్ళు తుడుసుకోలేదు."

నాకు ఏడుపొచ్చేసింది. చీకట్లో తడుముకుని ఆమె చెయ్యి అందుకున్నాను. ఏసీకి చల్లబడిపోయి ఉంది. ఊరికే పట్టుకుందామనే పట్టుకున్నాను. నా వేళ్ళు మణికట్టు మీదికి పాకి నాడి వెతుకుతున్నాయని నాకంటే ముందు ఆమెకే తెలిసింది. చెయ్యి లాక్కోలేదు. నాకు వీలుగా కొంచెం తిప్పి పెట్టింది.

"సూస్కో," అంది.