నీలం తల బోల్టు

మా బావగారు ఏ వస్తువు విప్పి బిగించినా చివర్లో ఒక బోల్టు మిగలాల్సిందే. మిగల్లేదంటే ఆ పని ఆయన చేసింది కాదని కళ్లు మూసుకుని చెప్పేయొచ్చు.

బావగారంటే మావారి అన్నయ్య. బట్టల మిల్లులో యంత్రాలు బాగుచేసి రిటైరయ్యారు. అందరికీ చొక్కా జేబులో పెన్ను ఉంటే ఆయనకి స్క్రూడ్రైవర్ ఉంటుంది. ఎవరింటికి వెళ్లినా ముందు మనుషుల్ని కాదు, వస్తువుల్ని పలకరిస్తారు. "ఏంటి, మీ ఫ్యాను గొంతు బొంగురుపోయింది?" అంటూ గుమ్మంలోనే ఆగిపోతారు. ఇంటివాళ్లు కూర్చోమనేలోపే స్టూలెక్కేసి ఉంటారు.

పనితనానికి వంక పెట్టడానికి లేదు. ఫ్యాను తిరుగుతుంది, మిక్సీ అరవడం మానేస్తుంది, ఆగిపోయిన గడియారం బుద్ధిగా నడుస్తుంది. అంతా అయ్యాక చేతులు తుడుచుకుంటూ కిందికి చూసి "ఆగండాగండి" అంటారు. నేల మీద ఒక బోల్టు!

"ఇదెక్కడిదండీ?"

"నేనూ అదే ఆలోచిస్తున్నా."

"లోపల పెట్టడం మర్చిపోయారేమో!"

"మర్చిపోతే ఎలా తిరుగుతుందమ్మా? కంపెనీవాడు చెయ్యి జారి ఒకటి ఎక్కువ వేసుంటాడు. ఎందుకైనా మంచిది, రేపొచ్చి చూస్తా."

అన్నట్టే మర్నాడు వస్తారు. విప్పుతారు. టీ తాగుతారు. ఆ ఇంటివాళ్ల మోకాళ్ల నొప్పుల దగ్గర్నుంచి గోడ మీద చెమ్మ దాకా అన్నీ వింటారు. మళ్లీ బిగిస్తారు. బోల్టు మాత్రం అలాగే మిగిలి ఉంటుంది. "పర్లేదమ్మా, ఇది లేకపోయినా నడుస్తుంది" అని జేబులో వేసుకుని వెళ్లిపోతారు.

ఆయన భార్యని నేను అక్కయ్యా అంటాను. ఆవిడ గోడు ఆవిడది.

"ఆయన ప్యాంటు ఉతకాలంటే సబ్బు కంటే ముందు అయస్కాంతం వెతుక్కోవాలే! మొన్న జేబు చూడకుండా వాషింగ్ మెషిన్‌లో వేశాను. బడి గంట కొట్టినట్టు మోగి, ఠక్కున ఆగిపోయింది."

"మరి బాగుచేసిందెవరు?"

"ఇంకెవరు, ఆయనే."

"బోల్టు మిగిలిందా?"

"మా ఇంట్లో ఏదీ మిగలదే! అదేం చోద్యమో. మతిమరుపంతా ఊళ్లోవాళ్ల ఇళ్లలోనే."

మా ఇంట్లో ఇంకో చోద్యం. మావారిది ఊళ్లు తిరిగే ఉద్యోగం. ఆయన ఇంట్లో ఉండగా బావగారు ఏది బాగుచేసినా ఒక్క స్క్రూ కూడా మిగిలేది కాదు. తమ్ముడు పక్కన నిలబడి చూస్తుంటే ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తారనుకునేదాన్ని. ఆయన అటు ఊరెళ్లగానే ఇటు ఫ్రిజ్జు తలుపులోంచి ఒకటి, కుళాయిలోంచి ఒకటి మిగలడం మొదలయ్యేది. మావారు తిరిగొచ్చి బూట్లు విప్పుకుంటూనే "ఈసారి అన్నయ్యకి ఎన్ని మిగిలాయేంటి?" అని అడిగేవారు. నేను చెబితే తనలో తనే నవ్వుకునేవారు. అన్నగారి చేతకానితనానికి నవ్వుతున్నారని నేనూ నవ్వేదాన్ని.

నిరుడు మావారు పోయారు.

ఇంట్లో ఆయన వస్తువులన్నీ సర్దాను గానీ, షెడ్డులో ఉన్న కారు జోలికి మాత్రం పోలేదు. పాత కారే. స్టీరింగు మీద ఆయన చేతులుండే చోట నల్లరంగు అరిగి నున్నగా మెరుస్తుంది. ఆయనవి పొడుగు కాళ్లు కాబట్టి సీటు బాగా వెనక్కి జరిపి ఉంటుంది. నాకూ నడపడం వచ్చు, ఆయనే నేర్పారు. నేను నడుపుతున్నంతసేపూ పక్కన కూర్చుని, అక్కడ లేని బ్రేకుని కాలితో తొక్కుతూ ఉండేవారు. కారు దిగాక ఆయనే నాకంటే ఎక్కువ అలిసిపోయేవారు.

ఆయన పోయాక ఒకసారి మా అన్నయ్య ఆ కారు బయటికి తీశాడు. వీధి చివరికి వెళ్లేసరికి బానెట్టులోంచి బుస్సుమని పొగ! అంతే, వాడు దాని మీద పగ పట్టాడు.

"చెల్లాయ్, నడిపేవాళ్లు లేరు, నడిపినా పొగలు కక్కుతుంది. ఎందుకే ఇది? ఆదివారం కార్లు కొనే ఆయన్ని తీసుకొస్తా. ఇచ్చి పడేద్దాం."

నేను సరేననలేదు, వద్దనలేదు. శుక్రవారం పొద్దున బావగారు వస్తే మాత్రం ఆగలేకపోయాను.

"ఆ కారు నాకు కావాలి బావగారూ. వాళ్లు తీసుకుపోతారు."

ఆయన షెడ్డు వైపు చూశారు. స్క్రూడ్రైవర్ జేబులోంచి తీసి మళ్లీ పెట్టుకున్నారు.

"మీ అన్నయ్యకి ఫోన్ చెయ్."

ఫోన్ ఆయనే లాక్కున్నారు. "ఏమయ్యా, ఆదివారం ఆ కొనే ఆయన్ని తీసుకురా. నువ్వూ కారెక్కు. కొండ రోడ్డు ఎక్కి దిగొద్దాం. పొగ వస్తే తోలుకుపో. రాకపోతే?"

"రాకపోతే ఇంక ఆ కారు మాటెత్తను బావగారూ. కానీ నడిపేది చెల్లాయే. మీరు కాదు!"

బావగారు నన్ను అడక్కుండానే "ఓ, దానికేం!" అని పెట్టేశారు.

బానెట్టు ఎత్తారు. ఇంజను ముందు, నీళ్లు చల్లబడే రేడియేటరు వెనకాల ఒక ఫ్యాను ఉంటుంది. ఇంజను వేడెక్కగానే అది తిరిగి బయటి గాలిని లోపలికి లాగాలి. బావగారు బ్యాటరీ నుంచి రెండు వైర్లు తెచ్చి నేరుగా దానికి అంటించారు. ఉలుకూ లేదు పలుకూ లేదు.

"మోటారు కాలిపోయిందమ్మా. వేరే ఫ్యాను వేద్దాం. రేపు నువ్వు నా పక్కనుండాలి."

"నాకేం తెలుసు బావగారూ?"

"నాకు మతిమరుపు కదా. విప్పినవి నువ్వు జాగ్రత్త చెయ్."

ఆ మాట నేను చాలా గట్టిగా పట్టుకున్నాను. ఈయన అలవాటు ప్రకారం బోల్టు ఒకటి మిగిల్చారంటే, కొండ మీద ఫ్యాను ఊడి చేతికొస్తుంది, కారు చేతిలోంచి పోతుంది! అందుకని శనివారం వంటింట్లోంచి కోడిగుడ్ల అట్ట ఒకటి తెచ్చి పెట్టుకున్నాను. ఒక్కో బోల్టూ ఒక్కో గుంటలో, విప్పిన వరసలో.

ఆయన ముందు బ్యాటరీ వైరు తప్పించారు. ఫ్యాను ప్లగ్గు ఊడదీశారు. పైన రెండు, కింద రెండు బోల్టులు. కిందవి తుప్పుపట్టి మొండికేశాయి. ఆయన వాటితో మాట్లాడటం మొదలుపెట్టారు.

"రా నాన్నా, రా... ఇన్నేళ్లు కూర్చున్నావు, ఇంక లేవవూ? అమ్మాయ్, కాస్త నూనె చుక్క వెయ్. ఆఁ, అదీ! మర్యాదగా అడిగితే ఎవరైనా వస్తారు."

రేడియేటరు రేకులు వంగకుండా మధ్యలో అట్టముక్క దోపి, ఇద్దరం పాత ఫ్యానుని పసిపిల్లని ఎత్తినట్టు పైకెత్తాం. కొత్తది దించాం. నేను గుంటల్లోంచి వరసగా అందించాను, ఆయన బిగించారు. కొత్త దాని ప్లగ్గు కారులోని ప్లగ్గుకి సరిపోకపోతే వైర్లు కోసి కలిపి టేపు చుట్టారు. స్టార్టు చేశాం. కాసేపటికి ఫ్యాను దానంతటదే బుర్రుమని లేచింది. బావగారు పెళ్లికొడుకులా మీసం దువ్వుకున్నారు.

కానీ వేడి చూపించే ముల్లు దిగడం లేదు. పైకే పోతోంది.

"ఫ్యాను తిరుగుతోందిగా బావగారూ?"

"తిరుగుతోంది... మరి దీనికేం రోగం?"

నేను కారు ముందుకెళ్లి, చేతిలో ఉన్న రుమాలు జాలీకి అడ్డంగా పెట్టాను. వంటింట్లో పొగ లాగే ఫ్యాను దగ్గర అలాగే చూస్తాను. గాలి లోపలికి లాగితే గుడ్డ అంటుకోవాలి. ఇది ఎగిరొచ్చి నా మొహాన పడింది.

"బావగారూ, ఇది లాగడం లేదు, ఊదుతోంది!"

ఆయన ఒక్క ఉదుటున ఇంజను ఆపేశారు. "వైర్లు తారుమారు చేశానమ్మా. ఫ్యాను వెనక్కి తిరుగుతోంది."

"పోనీలెండి, టీ తాగి చూద్దురు గాని."

"టీయా? ఇది సరయ్యేదాకా మంచినీళ్లు కూడా ముట్టను."

రేపు చూద్దాం అనలేదు. కంపెనీవాణ్ని తిట్టలేదు. ఇంజను చల్లబడేదాకా కాలు కాలిన పిల్లిలా షెడ్డంతా తిరిగి, టేపు విప్పి, వైర్లు మార్చి కలిపి, రుమాలు ఆయనే పట్టుకున్నారు. ఈసారి అది జాలీకి చప్పున అతుక్కుంది. ముల్లు మధ్యకి దిగి అక్కడే నిలబడింది. అప్పుడు ఊపిరి పీల్చుకుని, చేతులు తుడుచుకుని, కిందికి చూశారు.

"ఆగమ్మా ఆగు."

నేల మీద ఒక బోల్టు!

నేను గుడ్ల అట్ట వైపు చూశాను. గుంటలన్నీ ఖాళీ. విప్పినవన్నీ లోపలే ఉన్నాయి. పైగా ఈ బోల్టు తలకి నీలం రంగు ఉంది. మా కారులో నీలం ఎక్కడా లేదు. ఈ నీలం తలని నేనెక్కడో చూశాను. ఎక్కడో కాదు, మా ఫ్రిజ్జు కింద!

"ఎక్కడిదంటారు?" అన్నాను మెల్లగా.

"కంపెనీవాడు ఎక్కువ వేసుంటాడు. రేపు ఎలాగూ కొండెక్కాలి కాబట్టి, ఎల్లుండొచ్చి చూస్తా." టీ తాగి, బోల్టుని పిట్టగోడ మీద పెట్టి అక్కడే మర్చిపోయి వెళ్లిపోయారు.

గోడకి అవతల ఒంటరిగా ఉండే రిటైరైన టీచరమ్మగారు తొంగిచూశారు.

"పని అయిందా?"

"అయిందండీ. ఒక బోల్టు మిగిలింది."

"నీలం తలదేనా?"

నేను గోడ మీది బోల్టు తీసి చూపించాను. ఆవిడ కళ్లజోడు సర్దుకున్నారు. "నా కుట్టుమిషన్లో మిగిలింది అదే. అంతకుముందు గడియారంలో మిగిలిందీ అదే. గడియారంలో అంత బోల్టు పడుతుందా అమ్మా? లోలకం కంటే లావుంది!"

"మరి అడగలేదా?"

"ఎందుకడుగుతాను? అడిగితే మర్నాడు రారుగా!"

బోల్టుని అరచేతిలో పెట్టుకుని అక్కడే నిలబడిపోయాను. జనంతో కిటకిటలాడే మా అన్నయ్య ఇంట్లో నీళ్ల మోటారు బాగుచేసినప్పుడు ఏమీ మిగల్లేదు. అక్కయ్య ఉన్న ఇంట్లో ఏనాడూ మిగల్లేదు. మావారు ఇంట్లో ఉంటే మా ఇంట్లోనూ మిగిలేది కాదు. ఎన్ని మిగిలాయేంటి అని అడిగి ఆయన నవ్విన నవ్వు ఇన్నాళ్లకి నాకు అర్థమైంది.

ఆదివారం అన్నయ్య, కార్లు కొనే ఆయన వెనక సీట్లో కూర్చున్నారు. బావగారు ముందు కూర్చున్నారు. నేను స్టీరింగు ముందు కూర్చుంటే కాళ్లు అందలేదు. సీటు కింద చెయ్యి పెట్టి ఒక్క క్షణం ఆగాను. తర్వాత కిర్రుమంటూ ముందుకి లాక్కున్నాను.

కొండ మలుపుల్లో పక్కకి చూస్తే బావగారి కుడికాలు లేని బ్రేకుని తొక్కుతోంది. అచ్చం తమ్ముడే! నాకు నవ్వాగలేదు. వెనకనుంచి అన్నయ్య, "నవ్వకే తల్లీ, రోడ్డు చూడు!" అని కేక. పైకెక్కాం, దిగాం. ముల్లు మధ్యలోంచి కదిలితే ఒట్టు. ఇంటి ముందు ఆపేసరికి కొనే ఆయనే బానెట్టు ఎత్తి చూసి, "అమ్ముకోవాల్సిన బండి కాదిది. ఉంచుకోండమ్మా" అని తన దారిన తాను పోయాడు. అన్నయ్య కూడా, "సరేలే, ఇక దీని మాటెత్తను" అని గొణిగాడు.

బావగారు మాత్రం కదల్లేదు. చొక్కా జేబు తడుముకున్నారు. ప్యాంటు జేబులు తడుముకున్నారు. వంగి కారు కింద చూశారు.

"ఏం వెతుకుతున్నారు బావగారూ?"

"ఏం లేదమ్మా. అంతా... సరిపోయినట్టుంది."

"సరిపోతే మంచిదేగా!" అన్నాడు అన్నయ్య.

"మంచిదే, మంచిదే" అన్నారు బావగారు, పన్ను నొప్పి ఉన్నవాడిలా.

నేను పర్సులోంచి నీలం తల బోల్టు తీశాను. "ఇది మిగిలింది బావగారూ."

ఆయన మొహంలో బల్బు వెలిగింది. అన్నయ్య మొహంలో ఆరిపోయింది. "అమ్మో! ఇది లేకుండానా మనం కొండెక్కింది?"

"కంపెనీవాడు ఎక్కువ వేశాడయ్యా" అన్నారు బావగారు చెయ్యి చాపుతూ. "రేపొచ్చి చూస్తానమ్మా."

నేను గుప్పిట మూశాను. "రేపు మీరు రావద్దు. కారు నేనే తీసుకొస్తా. మీ ఇంటి ముందే విప్పి చూద్దాం. టీచరమ్మగారినీ తీసుకొస్తా. ఆవిడ కుట్టుమిషన్లోనూ, గడియారంలోనూ ఇలాంటిదే మిగిలిందట. అక్కయ్యని టీ ఎక్కువ పెట్టమనండి."

ఆయన నన్ను చూశారు, గుప్పిటని చూశారు, గోడ మీంచి నవ్వుతున్న టీచరమ్మగారిని చూశారు. చెవులు ఎర్రబడ్డాయి. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, దానితో తల గోక్కున్నారు.

"అయితే ఆ బోల్టు జాగ్రత్తగా తీసుకురామ్మా" అన్నారు చివరికి. "అది లేకపోతే నడవదు."