మా ముత్తెన్న ఏరిన తోలు కోటు

మా తమ్ముడు ముత్తెన్న భుజాల మీద కండువా నిలిచేది కాదు. ఇటు వేస్తే ఇటు జారేది, అటు వేస్తే అటు జారేది. మనిషి మాత్రం బంగారం. ఎద్దులు కట్టి మోట తోలాడంటే, ఆ తోలు బొక్కెనతో బావి నీళ్లు తోడి పొద్దెక్కేసరికి మడి నింపాల్సిందే. కానీ పిల్లనిచ్చేవాళ్లు మడి చూస్తారా? భుజాలే చూస్తారు. రెండు సంబంధాలు వచ్చి, "పిలగాడు బక్కగున్నడు" అని వెళ్లిపోయాయి. ఆ మాట అన్నవాళ్లను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇంతలో వాడు ఎద్దులు కొనడానికి మరాఠీ ఊళ్లకు ఆనుకుని ఉన్న డోంగ్లి వైపు వెళ్లి పోసవ్వ అనే పిల్లను చూశాడు. తండ్రికి జ్వరమట, పిల్లే బావి దగ్గర మోట తోలుతోంది. ఎద్దులను సగం తెలుగులో, సగం మరాఠీలో తిడుతోంది. దారికి అడ్డంగా నోరు తెరుచుకుని నిలబడిన వీణ్ణి చూసి, "ఓ బక్క పటేలా, జరుగు! ఎద్దులు తొక్కుతయ్!" అని అరిచింది. వాడు జరిగాడు. మనసు మాత్రం ఆ బావి దగ్గరే ఉండిపోయింది.

ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. "అక్కా, చేసుకుంటే గా పిల్లనే చేసుకుంట. లేకుంటే ఇగ పెండ్లే వద్దు" అన్నాడు. పెద్దలు మాట కదిపారు. పిల్ల తండ్రి ఒప్పుకున్నాడు గానీ ఒక మెలిక పెట్టాడు. పిల్ల తన కళ్లతో చూసి ఊ అంటేనే. వచ్చే అంగడి రోజు బాన్సువాడకు, మా ఇంటికే వస్తామని కబురు చేశారు.

అది నలభై ఆరు చలికాలం. యుద్ధం అయిపోయి, సిపాయిలు విడిచిన సామానంతా ఊళ్ల మీద పడింది. కిషన్‌లాల్ అనే ఆయన సికింద్రాబాదు నుంచి తోలు కోట్లు తెచ్చి మా ఊరి అంగట్లో కుప్ప పోశాడు. ముత్తెన్న నా చెయ్యి పట్టుకుని లాగాడు.

"అక్కా! గివి తొడుగుతె నాక్కూడ భుజాలొస్తయ్!"

ఇక చూడండి మా సంబరం! మొదట ఒక నల్ల కోటు తొడిగాడు. మోకాళ్లు దాటింది. "తీసెయ్‌రా, జొన్న చేన్ల నిలవెడితె పిట్టలు రావు" అన్నాను. రెండోది విమానం నడిపేవాళ్లదట, మెడ చుట్టూ ఉన్ని. అందులో వాడి తలకాయ మునిగిపోయి ముక్కూ, రెండు చెవులూ మిగిలాయి.

"శాన్‌దార్!" అన్నాడు కిషన్‌లాల్.

"నీ శాన్‌దార్ సల్లగుండ! మా పిలగాడేడి?" అన్నాను.

మూడోది గోధుమ రంగుది. నున్నటి తోలు కాదు, దూడ చెవిలా మెత్తటి నూగు. సరిగ్గా నడుము దగ్గర ఆగింది. జారిన భుజాలు ఎక్కడికి పోయాయో! పక్కనే క్షవరం చేస్తున్న ఆయన్ను అడిగి అరచేతి అద్దం తెచ్చాను. అందులో మనిషి ఒకేసారి పట్టడు కదా. ముందు కుడి భుజం చూపించాను, తర్వాత ఎడమది, తర్వాత మెడ. వాడు తనను తాను ముక్కలు ముక్కలుగా చూసుకుని మురిసిపోతున్నాడు. అటుగా పోతున్న ఒక ముసలమ్మ ఆగి, "ఎవరింటి అల్లుడే, మంచిగున్నడు?" అంది. అంతే, మావాడు గాల్లో తేలాడు. ధర ఎంతో అడక్కండి, నాకే చెప్పలేదు.

ఇంటి దగ్గర మా అవ్వ గంగవ్వ గడపకు అడ్డం నిలబడింది.

"తోలు ఇంట్లకు రావద్దు! దేవుని అర్ర ఉన్నది!"

"అవ్వా, పొద్దున లేస్తె మోట తోలుల నుంచొచ్చిన నీళ్లే గదా తాగుతున్నవ్?"

"గది బావికాడ. గిది ఇంట్ల."

కోటు కొట్టంలో, ఎద్దుల పక్కన దండెం ఎక్కింది. అక్కడే వచ్చింది తంటా. మోటకు కొత్త తోలు తెస్తే ఏం చేస్తాం? ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, ఆముదం పట్టించి ఆరేస్తాం. అలా చేయకపోతే పగులుతుంది. పదిహేనేళ్లుగా మోట తోలుతున్నవాడు, ఇంత మంచి తోలును ఊరికే తొడుక్కుంటాడా? నన్నొక్క మాట అడగలేదు. అడిగినా సరే అనేదాన్నే, అబద్ధమెందుకు.

కోటు బావిలో నానింది. శేరు ఆముదం తాగింది. మూడు రోజులు పొద్దంతా ఎండలో పడుంది. పోసవ్వ వాళ్లు వచ్చే రోజు దాన్ని ఎలాగో ఇరికించుకుని వాకిట్లోకి వచ్చిన తమ్ముణ్ణి చూసి నా పై ప్రాణాలు పైనే పోయాయి. దూడ చెవి కాస్తా పాత చెప్పు రంగు అయింది. కోటు చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి. వాడి చేతులేమో కిందికి దిగవు, రెక్కలు చాపిన కోడిలా నిలబడ్డాడు.

"తియ్‌రా!"

"వస్తలేదక్కా!"

అప్పుడే వాళ్ల బండి గల్లీ తిరిగింది. నేనో చెయ్యి, అవ్వో చెయ్యి పట్టి గుంజాం. దేవుని గది సంగతి మరిచి మా అవ్వ తోలును రెండు చేతులా పట్టుకుంది! కోటు కదల్లేదు. "నా బతుకు ఆగమైందక్కా" అంటూ ముత్తెన్న కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

పోసవ్వ బండి దిగి ముక్కు ఎగబీల్చింది.

"ఆముదం! నానవెట్టినవా?"

"ఒక్క రోజు" అన్నాడు మావాడు తల వంచుకుని.

"ఎండల ఆరేసినవా, నీడలనా?"

"ఎండల."

"అరె దేవా! నీడల ఆరెయ్యాలె. మా మోటకు నేను గట్లనే చేస్త!" అని కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి దగ్గరికొచ్చి, కోటు రెండు చేతులూ పట్టి ఒక్క గుంజు గుంజింది. ఊడొచ్చింది. ముత్తెన్న ఉత్త అంగీలో, అవే జారుడు భుజాలతో నిలబడ్డాడు. ఆమె ఎగాదిగా చూసింది.

"నాడు బావికాడ నిలవడ్డ బక్క పటేలే గదా! గీయన కోసమే వచ్చిన. మల్ల గిదెందుకు?" అంటూ ఆ కోటును తన చీర మీద తొడుక్కుంది. భుజాలకు, నడుముకు కొలిచి కుట్టినట్టు అతుక్కుంది. అటు తిరిగి ఇటు తిరిగి చూసుకుని తండ్రితో అంది:

"బాపూ, నేను ఊ అంటున్న. కోటు మాత్రం నాదే!"

మోటలు పోయి ఇంజన్లు వచ్చేదాకా, ప్రతి చలికాలం పోసవ్వ ఆ కోటు తొడుక్కునే మోట తోలింది. ముత్తెన్న పని వదిలేసి గట్టు మీద కూర్చుని చూస్తుండేవాడు. "లెవ్‌రా, సిగ్గులేదా!" అని నేను తిడితే, కళ్లు తిప్పకుండానే చెప్పేవాడు.

"ఆగక్కా. నేనేరిన కోటు ఎంత మంచిగ నప్పిందో జర చూడనియ్యి."