చివరి చెరువు మీది తీగ

ఆరేళ్లయింది. ఒక మాట గొంతుకు అడ్డం పడి ఉంది. అన్నం దిగుతోంది, నిద్రా పడుతోంది, అది మాత్రం దిగదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను. అలసిపోయానండి.

రేపల్లె అవతల రొయ్యల చెరువుల మీద నేను సూపర్‌వైజర్ని. మా యజమానిది బాపట్ల. సరదాకి ఇద్దరు పట్టే చిన్న విమానం కొని, చెరువుల పక్కనే మట్టి రన్‌వే వేయించారు. దాన్ని నడిపేది తెనాలి నుంచి వచ్చే డేవిడ్ గారు.

కాకులు వాలకుండా చెరువుల మీద నైలాన్ తాళ్లు కడతాం. పక్క చెరువులోని జబ్బు రొయ్యని కాకి తెచ్చి పడేసిందంటే పంట పోయినట్టే. తాళ్లు ఊరికే తెగుతున్నాయని నేను ఇనప తీగ కట్టించాను. విమానం దిగేది చివరి చెరువు మీదుగా. ఎగిరే రోజున అక్కడి తీగ దించడం నా పని.

ప్రమాదం జరిగిన రోజు పొద్దున్నే ఆ చివరి చెరువులో సీడు, అంటే రొయ్య పిల్లల్ని, వదిలాం. గట్టు నిండా కాకులు. ఒక్కరే బయల్దేరేముందు డేవిడ్ గారు విమానం షెడ్డు దగ్గర్నుంచి ఫోన్ చేశారు.

"తమ్ముడూ, తీగ దించేశారా?"

"దించేశానండి."

ఆయన తిరిగొచ్చేలోపు దించుదామనుకున్నాను. ఆయన గాల్లో ఉన్న అరగంటా కాకుల్ని తోలుతూ గట్టు మీదే ఉన్నాను. మరెందుకు దించలేదు? కాస్త ఎత్తులోనే వస్తారులే, తగలదులే అనుకున్నానా? బద్ధకమా? ఎన్నిసార్లు నన్ను నేను అడిగినా నాకే తెలియడం లేదు.

దిగేటప్పుడు చక్రం తీగకి తగిలింది. విమానం గట్టుకి గుద్దుకుని తిరగబడింది. పనివాళ్లు భోజనాలకి వెళ్లారు, ఉన్నది నేనొక్కణ్ణే. ముందు ఆయన దగ్గరికి పరిగెత్తలేదు. తీగ కోసి, చుట్టచుట్టి, చెరువులో పడేసి, అప్పుడు వెళ్లాను. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. నన్ను చూశారో లేదో. ఆసుపత్రికి చేరకముందే పోయారు.

పైలట్ మరీ కిందికి దించాడని విచారణకి వచ్చినవాళ్లు రాసుకున్నారు. అవునండి అన్నాను.

తెనాలిలో ఏటా ఆయన జ్ఞాపకార్థ కూడికకి వెళ్తాను. వెళ్లకపోతే అనుమానిస్తారని మొదట్లో వెళ్లేవాణ్ణి, ఇప్పుడెందుకు వెళ్తున్నానో తెలియదు. ఆయన భార్య టీచరు. పోయినసారి నాకు వడ్డిస్తూ, మావారి దూకుడు వల్ల మీకందరికీ ఇబ్బందయింది అన్నయ్యా, ఏమీ అనుకోకండి అన్నారు. తలూపాను. వడ్డించింది తిన్నాను కూడా.

ఆవిడకి చెప్పే ధైర్యం ఈ రోజుకీ లేదు. చెప్తే ఆయన తిరిగొస్తారా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను. రారు. ఆయనకి పోయిన మంచిపేరైనా వస్తుంది కదా? ఈ రెండు ముక్కలూ ఇంతవరకు కాగితం మీద కూడా పెట్టలేదు. పెడుతుంటే కాస్త ఊపిరాడుతోంది.

డేవిడ్ గారు ఎప్పుడూ దిగే ఎత్తులోనే దిగారు. తీగ దించనిది నేను.